అనుమతి లేని కాళ్లు

కొత్త జిల్లా క్రీడాధికారి పరంధామయ్య గారు ఒక ఆటను దగ్గరగా చూడడం అదే మొదటిసారి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసంతా ఆయన ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలోనే గడిపారు. ఎవరు ఎప్పుడు కుర్చీలో లేరో కనిపెట్టడం ఆయన విద్య. ఆ విద్యలో ఆయనను మించినవారు లేరని మూడు జిల్లాల గుమస్తాలు తిట్టుకుంటూనే ఒప్పుకుంటారు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుందనగా, ఆయన్ని ఎక్కడ వేస్తే ఎవరికీ నష్టం ఉండదా అని పైవాళ్లు ఆలోచించి క్రీడల శాఖలో వేశారు.

ఆయన ఇండోర్ హాల్లోకి అడుగుపెట్టేసరికి టేబుల్ టెన్నిస్ కోచ్ పంపన రామలింగం ప్లాస్టిక్ బుట్టలోంచి బంతులు తీసి ఒకదాని వెనక ఒకటి కొడుతున్నాడు. బల్లకు అవతల పదహారేళ్ల తులసి. ఇంటిపేరు పిల్లి. కాళ్లూ ఇంటిపేరుకు తగ్గవే. కుడి మూలకు ఒక బంతి, ఎడమ మూలకు ఒకటి. వెళ్లడం, కొట్టడం, కొట్టిన చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే మధ్యకు వచ్చేయడం.

రామలింగం దృష్టిలో ఆటంటే ఇంతే. కొట్టడం ఎవడికైనా వస్తుంది. కొట్టాక మళ్లీ నీ చోటికి నువ్వు రావడం వస్తే ఆట వచ్చినట్టు. దానికే రికవరీ అని పేరు. ఆరేళ్లుగా అతను ఆ పిల్లకు నేర్పింది ముప్పావువంతు అదే. ఇంకో నలభై రోజుల్లో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలున్నాయి. జూనియర్లలో ఆడడానికి తులసికి ఇదే ఆఖరి ఏడాది. మొదటి నలుగురిలో నిలబడితే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు, హాస్టలు. నిలబడకపోతే ఇంటర్‌తో చదువు చాలించి మేనత్త బట్టల కొట్లో కూర్చోబెడతానని ఆమె తండ్రి ముందే చెప్పేశాడు. మాట తప్పే మనిషి కాడు, ఆ ఒక్క విషయంలో.

పరంధామయ్య గారు కాసేపు చూశారు. తరవాత వాచీ విప్పి చేతిలో పట్టుకుని చూశారు.

"ఈ అమ్మాయి స్థానం ఏదండీ?"

"బల్లకి మూరెడు ఎనకండి. మధ్య గీతకి కొంచెం ఎడంగా," అన్నాడు రామలింగం.

"మరి అక్కడ లేదే?"

"బంతి ఇటొచ్చిందండి."

"వస్తే?"

"ఎల్లాలి కదండి మరి."

"ఎవరి అనుమతితో?"

రామలింగం నవ్వాడు. జోకనుకున్నాడు. ఆ నవ్వుకు సంజాయిషీ కోరుతూ సాయంత్రానికి మెమో వచ్చింది.

"నిమిషంలో నలభై రెండుసార్లు," అన్నారు పరంధామయ్య గారు వాచీ మళ్లీ కట్టుకుంటూ. "నలభై రెండుసార్లు ఈ అమ్మాయి హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లింది. నేను టీ కోసం రోజుకు నాలుగుసార్లు లేచిన గుమస్తాకు ఇంక్రిమెంటు ఆపించినవాణ్ని. పోనీ, సర్వీసు ఎలా ఉంది?"

"సర్వీసు బ్రహ్మాండంగా ఉంటాదండి. బాగా తిప్పుద్ది."

"సర్వీసులో తిప్పడాలు కూడానా!" అని పరంధామయ్య గారు చెయ్యి చాచారు. వెనకనున్న అటెండరు పోలయ్య ఆ చేతిలో డైరీ పెట్టాడు.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, శిక్షణ పొందుచున్న క్రీడాకారులు విధి నిర్వహణ సమయమున తమకు కేటాయించిన స్థానమును ఇష్టానుసారముగా విడిచి సంచరించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇకపై స్థానము విడుచు ప్రతి సందర్భమును కదలికల రిజిస్టరు నందు నమోదు చేయవలెను. ఉల్లంఘనను తీవ్రముగా పరిగణించబడును."

ఆఖరి వాక్యంలో వ్యాకరణం కుదరలేదు. అయినా భయం మాత్రం కుదిరింది. ఎంపిక పోటీల ఎంట్రీ ఫారం మీద జిల్లా క్రీడాధికారి సంతకం ఉండాలి. ఆ సంతకం ఆయన ఫారాలు అందిన రోజున పెట్టరు, గడువు ముగిసే రోజున పెడతారు. అంటే ఇంకా ఇరవై ఎనిమిది రోజులు. ఆ ఇరవై ఎనిమిది రోజులూ తులసి కాళ్లు ఆయన చేతిలో ఉన్నాయి.

"సంతకం పడే దాకా ఏం చెప్తే అది చేద్దాం," అన్నాడు రామలింగం.

"అలాగే సార్," అంది తులసి. ఆ పిల్ల ఏది చెప్పినా 'అలాగే సార్' అనేది. అందుకే ఆట వచ్చింది. తర్వాత జరిగిందీ అందుకే జరిగింది.

బల్ల పక్కన ఒక స్టూలు, స్టూలు మీద పొడుగాటి రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను వచ్చాయి. వెళ్లిన సమయం, వెళ్లిన చోటు, పని స్వభావం, తిరిగి వచ్చిన సమయం, సంతకం. మొదటి రోజు తులసి బంతికొక వరస రాసింది. "7.04. కుడి మూల. బంతి నిమిత్తం. 7.04." గంటన్నరలో పదహారు బంతులు ఆడింది. చేతికి చెమట పట్టి అక్షరాలు అలికిపోతే, శుభ్రత లోపించిందని ఎర్రసిరాతో గీత పడింది.

పరంధామయ్య గారు మూడో రోజు వచ్చి రిజిస్టరు తిరగేసి తల ఆడించారు. "వెళ్లాక రాస్తే ప్రయోజనమేముంది రామలింగం గారూ? వెళ్లే ముందు అనుమతి ఉండాలి కదా. ఏ అధికారైనా టూరుకెళ్లి వచ్చి అప్పుడు టూర్ ప్రోగ్రాం ఇస్తాడా?"

"బంతి ఎటొచ్చేదీ ముందు తెలీదు కదండి."

"కొట్టేది ఎవరు?"

"నేనేనండి."

"మీరు ఎటు కొడతారో మీకే తెలీదా?"

ఆ సాయంత్రం నుంచి మర్నాటి బంతుల టూర్ ప్రోగ్రాం మూడు కాపీలు సమర్పించడం మొదలైంది. మొదటి బంతి కుడికి, రెండోది ఎడమకి, మూడు మళ్లీ కుడికి. పొద్దున్నే అది సవరణలతో తిరిగి వచ్చేది. "కుడి మూలకు తొమ్మిది పర్యాయములు వెళ్లుట మితిమీరినది. రెండు పర్యాయములకు కుదించడమైనది. మిగిలిన ఏడు బంతులను స్థానములో ఉండియే పరిష్కరించుకొనవలెను."

బంతి నెట్టుకు తగిలి దాని దగ్గరే పొట్టిగా పడితే ఏం చెయ్యాలని రామలింగం రాతపూర్వకంగా అడిగాడు. వెక్కిరింతగానే అడిగాడు. నాలుగు రోజులకు జవాబొచ్చింది. అది ఆకస్మిక సెలవు కిందికి వస్తుందట. ముందురోజు దరఖాస్తు చేసుకోవాలట. ఏడాదికి పదిహేను.

ఆఫీసును వెక్కిరించకూడదని రామలింగానికి అప్పుడు తెలిసింది. అది ప్రతి వెక్కిరింతనూ ప్రతిపాదనగా స్వీకరిస్తుంది.

ఆ జవాబు కింద ఒక కొత్త పేరా కూడా ఉంది. తులసి మూలకు వెళ్లినప్పుడు మధ్య స్థానం ఖాళీగా ఉంటోంది. ప్రభుత్వ స్థానం ఏదీ క్షణమైనా ఖాళీగా ఉండరాదు. కనుక ఆమె తిరిగి వచ్చే వరకు అటెండరు పోలయ్యకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.

ముప్పై ఒక్క ఏళ్లుగా పోలయ్యకు ఎవరూ ఏ బాధ్యతా అప్పగించలేదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తులసి కుడి మూలకు వెళ్లింది. పోలయ్య ఆమె చోట్లో నిలబడ్డాడు. తులసి కొట్టి వెనక్కి వచ్చింది. పోలయ్య కదల్లేదు. ఇద్దరూ గుద్దుకున్నారు.

"తప్పుకోవయ్యా బాబూ!" అన్నాడు రామలింగం.

"ఎలా తప్పుకుంటానండి? నాకు ఛార్జి ఇచ్చారండి. ఆవిడ జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి, నన్ను రిలీవు చెయ్యాలి, అప్పుడు కదండి!"

"బంతొచ్చేస్తందయ్యా!"

"రానీండి. ఇప్పుడిక్కడ ఇన్‌ఛార్జి నేనే కదండి. నేను చూసుకుంటాను."

బంతి వచ్చి పోలయ్య నుదుటికి తగిలింది. విధి నిర్వహణలో తగిలిన దెబ్బ కాబట్టి అతనికి రెండు రోజులు ప్రత్యేక సెలవు ఇచ్చారు. ఆ రెండు రోజులూ మధ్య స్థానం ఛార్జి పోలయ్య పేరనే ఉండిపోయినందువల్ల తులసి అందులో నిలబడడానికి వీల్లేక గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. మూడో రోజు పోలయ్య కట్టుతో వచ్చి, "నా సీటెవరూ ముట్టుకోలేదు కదండీ?" అని అడిగాడు.

"నీ సీటా?" అన్నాడు రామలింగం.

"ఇన్‌ఛార్జి సీటేలెండి," అన్నాడు పోలయ్య కాస్త నొచ్చుకుని.

బంతి లేకుండా చేసే కదలికలకు మాత్రం ఏ నిబంధనా లేదు. ఆ సంగతి రామలింగం ఉత్తర్వులన్నీ మూడుసార్లు చదివి కనిపెట్టాడు. అవి 'ఊహాజనిత సంచారము' కిందికి వస్తాయి. ఊహలో ఎవడెక్కడికి వెళ్లినా ఆఫీసుకు అభ్యంతరం లేదు. అందుకని తులసి తెల్లారగట్ల తమ పెరట్లో, రెండు ఇటుకల మధ్య, చేతిలో ఉత్త బ్యాటుతో అటూ ఇటూ పరుగెత్తేది. రామలింగం సైకిలు మీద వెళ్లి చూసేవాడు. కాళ్లు చక్కగా ఆడేవి. కుడి, మధ్య, ఎడమ, మధ్య. తులసి తల్లి కళ్లాపి చల్లుకుంటూ, "బంతి లేకుండా ఏం ఆటండీ ఇది?" అనేది.

"ఇప్పటికింతేనమ్మా," అనేవాడు రామలింగం.

ఏడింటికి హాల్లో మాత్రం ఎప్పటిలాగే రిజిస్టరు, టూర్ ప్రోగ్రాం, పోలయ్య. తులసి తొందరగానే అలవాటు పడింది. మంచి శిష్యురాలు కదా. బంతి కుడికి వస్తే ముందు కాలు ఎత్తేది. మంజూరైన కాగితం వైపు ఒక్క చూపు చూసేది. ఉంటే వెళ్లేది. లేకపోతే ఎత్తిన కాలు అక్కడే దించేది. మొదట్లో ఆ దించడంలో కోపం ఉండేది. రెండో వారానికి పోయింది. మూడో వారానికి కాగితం వైపు చూడడం కూడా మానేసింది, చూడనక్కర్లేకుండానే కాలు ఆగిపోయేది. రామలింగం అది చూశాడు. చూసి, సంతకం పడే దాకా అనుకున్నాడు.

నెలాఖరుకు లెక్క తీశారు. నిమిషానికి నలభై రెండు ఉన్న అనధికార కదలికలు సున్నాకు చేరాయి. రాష్ట్ర కార్యాలయం నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. హాలు బయట షామియానా వేశారు. జీడిపప్పు పెట్టారు.

"రిటర్నులు ఎలా ఉన్నాయి?" అని పెద్దల్లో పెద్దాయన అడిగారు.

"ఇదివరకు బాగానే చేసేదండి," అన్నాడు రామలింగం. "ఇప్పుడు చెయ్యట్లేదు."

"నెలనెలా సకాలంలో పంపుతున్నామండి," అన్నారు పరంధామయ్య గారు అడ్డొచ్చి.

తులసి ఆడి చూపించింది. రామలింగం మంజూరైన ప్రకారం ఇరవై బంతులు కొట్టాడు. రెంటికి కదిలింది. పద్దెనిమిది ఆమె పక్కనుంచి వెళ్లిపోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దాయన చప్పట్లు కొట్టారు. "ఎంత నిలకడ! నేను యూరప్ ఆటగాళ్లను కూడా చూశాను. అటూ ఇటూ గెంతుతారు. చిల్లరగా ఉంటుంది." ఈ పద్ధతికి 'స్థానబద్ధ క్రీడా విధానం' అని అక్కడికక్కడే పేరు పెట్టారు. బ్యాడ్మింటనుకు వెంటనే, కబడ్డీకి దశలవారీగా విస్తరించాలని తీర్మానించారు. ఈత గురించి ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. నీళ్లు కూడా నిలవున్న చోటే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదని ఇంకొకాయన తీర్చాడు.

ఆ సంతోషంలో పరంధామయ్య గారు ఎంట్రీ ఫారం మీద గడువుకు ఒక రోజు ముందే సంతకం పెట్టారు.

రామలింగం ఆ ఫారాన్ని స్వయంగా రిజిస్టర్డు పోస్టులో వేసి, రసీదు జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రం పోలయ్య ఇంటికి వెళ్లి అతని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. హాలు తాళం కావాలి, పన్నెండు రోజులు, ఆఫీసు టైముకు ముందు.

"అదెలా కుదురుద్దండీ?" అన్నాడు పోలయ్య. "నేను అక్కడ ఇన్‌ఛార్జిని. నాకు తెలిసి నా సీట్లో ఇంకోళ్లు నిలబడితే రేపు నా పెన్షనేం కావాలండి? అయినా మీరెందుకండీ అంత కంగారు? అమ్మాయికి క్రమశిక్షణ బాగా వచ్చింది. సారే అన్నారు."

ఊళ్లో ఇంకో బల్ల లేదు. ఉన్నది క్లబ్బులో, దాని మీద పేకాట. రామలింగం మళ్లీ పెరట్లోకే వెళ్లాడు. బస్సు ఎక్కే రోజు పొద్దున్న కూడా ఆ రెండు ఇటుకల మధ్య తులసి కాళ్లు పాదరసంలాగే ఉన్నాయి. అతను తనను తాను సముదాయించుకున్నాడు. ఆరేళ్లు నేర్పింది నలభై రోజుల్లో ఎక్కడికి పోతుంది?

రాజధాని హాల్లో రిజిస్టరు లేదు. స్టూలు లేదు. పోలయ్య లేడు. మొదటి మ్యాచి తులసి మూడు వరస గేములు గెలిచింది. కాళ్లు వెళ్లాయి, వచ్చాయి. రామలింగానికి నెల తర్వాత ఆ పూట అన్నం సయించింది. రెండోది గెలిచింది. మూడోది ఓడింది కాని అవతలి పిల్ల అప్పటికే జాతీయ స్థాయిలో ఆడింది, దానికి సిగ్గుపడనక్కర్లేదు. నాలుగోది గెలిచింది. ఇక ఒక్కటే. గెలిస్తే నాలుగో స్థానం. ఓడితే ఐదు. ఐదుకు సీటూ లేదు, హాస్టలూ లేదు, వచ్చే ఏడాదీ లేదు.

అవతల కోస్తా పిల్లే, పొట్టిది, జడలు పైకి కట్టింది, ప్రతి పాయింటుకూ అరుస్తుంది. రెండు గేములు అటు, రెండు ఇటు. ఐదో గేము. తొమ్మిది, తొమ్మిది. తులసి సర్వీసు తిప్పింది. అవతలి పిల్ల కొట్టింది బయటికి పోవాల్సింది, ఎలాగో తులసి వైపు బల్ల అంచుకు తగిలి పాయింటైంది. తొమ్మిది, పది. ఇంకొక్కటి పోతే ఆట పోయినట్టే.

"ఏం పర్లేదమ్మా! కాళ్లు! కాళ్లు!" అని కేకేశాడు రామలింగం. రిఫరీ అతన్ని ఉరిమి చూశాడు.

తర్వాతి బంతి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగింది. అప్పుడు అవతలి పిల్ల అలసిపోయి ఒక బంతిని కుడి మూలకు వదిలేసింది. నెమ్మదైన బంతి. ఎత్తుగా వచ్చింది. ఆటలో పిచ్చిబంతి అంటారే, అది. ఒక్క అడుగు వేసి కొడితే పాయింటు. అలాంటి బంతిని తులసి పదేళ్లప్పుడే కళ్లు మూసుకుని కొట్టేది.

తులసి కుడి మడమ లేచింది.

లేచి, ఆగింది.

అరక్షణం కూడా లేదు. తర్వాత అడుగు పడింది, చెయ్యి చాచింది, బ్యాటు కొస బంతికి తగిలినట్టే తగిలింది. అప్పటికి బంతి దాటిపోయింది. అవతలి పిల్ల బ్యాటు పైకి విసిరి అరిచింది. ఆమె కోచ్ పరుగెత్తుకొచ్చి ఆమెను ఎత్తుకున్నాడు. పిల్ల అలసిపోయిందని పక్కవాళ్లు రామలింగాన్ని ఓదార్చారు. టెన్షనండీ, అన్నాడొకడు. రామలింగం వాళ్లకు తల ఊపాడు. చిక్కులో పడ్డ మనిషి తెలిసింది చెయ్యడు, అలవాటైంది చేస్తాడు. అతను శిష్యులకు చెప్పే పాఠాల్లో అదొకటి.

ఆ రాత్రే ఇద్దరూ బస్సెక్కి ఊరొచ్చేశారు.

పరంధామయ్య గారు సన్మానం ఏర్పాటు చేశారు. ఐదో స్థానానికి సన్మానమేమిటని రామలింగం వెళ్లకూడదనుకున్నాడు. తులసి తండ్రి పిల్లతో వచ్చాడని తెలిసి వెళ్లాడు. హాల్లో తెర కట్టి మ్యాచి వీడియో వేశారు. ఆఖరి బంతి దగ్గర పరంధామయ్య గారు చెయ్యెత్తి ఆపమన్నారు. బొమ్మ ఆగింది. తులసి మడమ నేల మీద నుంచి రెండంగుళాలు పైకి లేచి గాల్లో ఉంది.

"చూడండి," అన్నారాయన కర్రతో ఆ మడమను చూపిస్తూ. "ఎవరూ చూడడం లేదు. రిజిస్టరు లేదు. పై అధికారి లేడు. ఎదురుగా ప్రలోభం. అయినా కాలు ఆగింది! నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇలాంటి ఉద్యోగిని నేను చూడలేదు."

జనం చప్పట్లు కొట్టారు. తులసికి శాలువా కప్పారు. తండ్రి కూడా చప్పట్లు కొట్టాడు, అందరూ కొడుతున్నారు కదా అని. దిగివస్తూ కూతురితో, "సోమారం నుంచి అత్త కొట్టుకెల్దువుగాని," అన్నాడు.

"అలాగే నాన్నా," అంది తులసి.

తండ్రి బండి తీయడానికి వెళ్లాడు. హాలు మెట్ల మీద రామలింగం, తులసి మిగిలారు. తులసి శాలువా తీసి మడత పెడుతోంది. కొసలు కలవక మళ్లీ విప్పి మళ్లీ పెట్టింది.

"బంతి కనపడలేదా?" అని అడిగాడు రామలింగం. వారం రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న.

"కనపడింది సార్."

"కొట్టొచ్చనిపించలేదా?"

"అనిపించింది సార్. కొట్టేద్దామనుకున్నాను." శాలువా మడత ఆపింది. "కాలే అడిగింది సార్."

"ఏమని?"

"ఎల్లొచ్చా అని."

"ఎవర్నడిగిందే? అక్కడెవరున్నారు?"

తులసి శాలువాను మళ్లీ మడత పెట్టసాగింది.

"ఎవరూ లేరు సార్," అంది. "అందుకేనేమో, ఎవరూ ఎల్లమనలేదు."